ఒంట్లో తయారయ్యే డీఎంటీ మెదడును కాపాడుతుందా?

మూసీగట్టు (నల్లగొండ):
అమెజాన్ అడవుల్లో తాగే ఆయహువాస్కా కషాయంలోని డీఎంటీ అనే భ్రమలు కలిగించే రసాయనం మన ఒంట్లో కూడా ఉంటుందని దోస్తు చెప్తే నమ్మలేదు. చదివితే నిజమే. అది సిగ్మా-1 అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుందని 2009లో తేల్చారు. కణం కష్టంలో పడితే చావకుండా చూసే ప్రొటీన్ అది. 2016లో హంగరీ శాస్త్రవేత్తలు ఆక్సిజన్ బాగా తగ్గించిన మానవ నాడీకణాలకు డీఎంటీ ఇస్తే ఎక్కువ కణాలు బతికాయి. 2020లో పక్షవాతం తెప్పించిన ఎలుకలకు ఇస్తే మెదడులో దెబ్బతిన్న భాగం తగ్గింది. ఒంట్లో ఉన్నది ఊరికే ఉంటుందా?

జడ్చర్ల కెమిస్ట్:
అన్నా, అవన్నీ బయటి నుంచి ఇచ్చిన డీఎంటీతో చేసినవి. సిగ్మా-1కు అది గట్టిగా అతుక్కోదు, పని చేయాలంటే మైక్రోమోలార్ స్థాయిలో, అంటే చాలా ఎక్కువగా కావాలి. మనిషి రక్తంలో దొరికేది జాడ మాత్రమే. అదీ మోనో అమైన్ ఆక్సిడేజ్ ఎంజైమ్ నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. ఇక మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి డీఎంటీ ఊరుతుందని యూట్యూబ్‌లో చెప్పేది వింటే నవ్వొస్తుంది. ఆ గ్రంథి బరువు 0.2 గ్రాములు కూడా ఉండదు, అంత డీఎంటీ ఎక్కడి నుంచి ఊరుతుంది?

మూసీగట్టు:
పీనియల్ ఊసు నేనెత్తలేదు తమ్మీ. 2019లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల మెదడులో కొలిస్తే, నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్‌తో పోల్చదగ్గంత డీఎంటీ ఉంది. గుండె ఆగాక ఇంకా పెరిగింది, పీనియల్ తీసేసినా సరే.

పాలమూరు టీచర్:
పెరిగితే కాపాడినట్టేనా? గుండె ఆగినప్పుడు డోపమైన్, సెరటోనిన్ కూడా పెరుగుతాయి. తేలాలంటే ఒంట్లో డీఎంటీ తయారీని ఆపి, నష్టం ఎక్కువైందా అని చూడాలి. దాన్ని తయారుచేసేది ఐఎన్‌ఎంటీ ఎంజైమ్ అని చాలా ఏళ్లుగా అనుకున్నారు. ఆ జన్యువు తీసేసిన ఎలుకల్లోనూ డీఎంటీ మామూలుగానే ఉందని 2023లో బయటపడింది. దారే తెలియకుండా ఆపేదెట్ల? నాకైతే అసలు చిక్కు ఇదే.

మిర్యాలగూడ సిస్టర్:
సార్లూ, మీ చర్చ బాగుంది కానీ ఇక్కడ పక్షవాతం వస్తే ఇప్పటికీ ముందు పసరు మందుకు తీసుకుపోయేవాళ్లున్నారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. డీఎంటీ అయితే ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో ఉన్న మత్తు పదార్థం. ఇది చూసి ఎవరూ ఆకూ వేరూ ఉడకబెట్టుకోవద్దు.

జడ్చర్ల కెమిస్ట్:
సిస్టర్ మాటే పైన పిన్ చేయాలి. మందుగా పనికొస్తుందేమో అంటే నేనూ కాదనను. ఒంట్లోదే కాపాడుతుందంటేనే లెక్క కుదరడం లేదు.

మూసీగట్టు:
నీది రక్తం లెక్క తమ్మీ. సెరటోనిన్‌ను కణంలోకి లాగే ప్రొటీన్లే డీఎంటీని కూడా లాగి సంచుల్లో దాచగలవని 2009లోనే చూపించారు. కణం లోపల ఎంత ఉంటుందో కొలిచిన లెక్క ఉంటే పెట్టు, చూద్దాం.