మనోరంజితానికి కొక్కేలు వస్తున్నాయి, పూలు రావడం లేదు

నల్లగొండలో మా పెరటి ఎర్ర చల్కా నేలలో నాలుగేళ్ల కిందట నాటిన మనోరంజితం పందిరినంతా కమ్మేసింది గాని, ఇప్పటికి ఒక్క పువ్వూ పూయలేదు. ఈ జాతిలో పూకాడే వంకర తిరిగి, కొక్కెమై ఆసరాను పట్టుకుంటుంది. మా మొక్కకూ ఆకులకు ఎదురుగా అలాంటి కొక్కేలు పుట్టి, పందిరి కమ్మిని ఉంగరాల్లా బిగించాయి, వాటిపై మొగ్గ జాడ మాత్రం లేదు. లేతపువ్వు ఆకుపచ్చగా ఉండి, పసుపు తిరిగాకే గుబాళిస్తుంది కాబట్టి, నా కంటపడలేదేమోనని కొమ్మకొమ్మా వెతికాను. మాగిన పశువుల ఎరువు, రెండుసార్లు ఎముకల పొడి వేశాను. మట్టిపై తెల్లని ఉప్పు పేరుకుంటోందని బోరునీరు మాని, ఈ వానాకాలమంతా పట్టి ఉంచిన వాననీరే పోశాను. ఎండ రోజుకు నాలుగు గంటలు తగులుతుంది. ఏటా ఫిబ్రవరిలో పందిరి మీది కొమ్మలను సగానికి కత్తిరిస్తున్నాను. కొక్కేలున్న ముదురు కొమ్మలు ఆ కత్తిరింపులో పోవడం వల్లనే పూత ఆగుతోందా, లేక ఎండ చాలకనా?