క్యారీ ఫార్వర్డ్: మిగిలిన పెన్షన్ కోటా అంతా ఒకేసారి వాడెయ్యాలా?

రెడింగ్ రమణ:
యూకే తెలుగువాళ్లందరికీ నమస్తే. ఐటీ ఉద్యోగం, జీతం లక్షా 15 వేల పౌండ్లు. 2025-26లో బోనస్ గట్టిగా పడి మొత్తం లక్షా 65 వేలకు చేరింది. పెన్షన్లోకి నాదీ కంపెనీదీ కలిపి ఏటా 9 వేలే వెళ్తోంది (శాలరీ శాక్రిఫైస్, అంటే జీతంలో కొంత వదులుకుంటే కంపెనీ దాన్ని నేరుగా పెన్షన్లో వేస్తుంది; పై లెక్కలో కలపలేదు). 2022-23లో యాన్యువల్ అలవెన్స్ (పన్ను రాయితీతో ఏడాదికి పెన్షన్లో వేసుకోగల కోటా) 40 వేలు కాబట్టి 31 వేలు మిగిలింది. తర్వాతి రెండేళ్లూ 60 వేలు కాబట్టి ఏడాదికి 51 వేలు మిగిలాయి. ఈ ఏడాదిదీ ఇంకో 51 ఉంది. గత మూడేళ్లలో మిగిలింది ఇప్పుడు వాడుకోవచ్చు (అదే క్యారీ ఫార్వర్డ్), అంతా కలిపితే లక్షా 84 వేల చోటు. శంషాబాద్ దగ్గర ప్లాట్ అమ్మితే ఖర్చులూ పన్నులూ పోను లక్ష పౌండ్ల దాకా చేతికొచ్చింది. 2022-23 కోటా ఈ 2026 ఏప్రిల్ 5తో పోతుంది. వీలైనంతా సిప్‌లో (SIPP, మనమే నడుపుకునే పర్సనల్ పెన్షన్; ఇండియా మ్యూచువల్ ఫండ్ సిప్ కాదు) వేసెయ్యమంటాడు మా ఫ్రెండ్. అంత డబ్బుకి తాళం వెయ్యొద్దంటుంది మా ఆవిడ. పాప వచ్చే ఏడాది నర్సరీకి వెళ్తుంది. మీరేమంటారు?

స్లౌ శీను:
వెయ్ బ్రదర్, ఆలోచించకు. కాకపోతే లక్షా 84 వేలూ కుదరదు. కోటా ఎంత మిగిలినా, సొంతంగా కట్టేదానికి పన్ను రాయితీ ఆ ఏడాది సంపాదన వరకే. అంటే నీకు లక్షా 65 దాటదు. అంత దూరం కూడా అక్కర్లేదు. ఆదాయం 50,270కి దిగేదాకా ప్రతి పౌండుకీ కనీసం 40 శాతం వెనక్కొస్తుంది. అంటే 1,14,730 గ్రాస్ (ప్రొవైడర్ కలిపే రాయితీతో సహా మొత్తం). నువ్వు పంపేది అందులో 80 శాతమే, 91,784. మిగతా 20 శాతం ప్రొవైడరే (పెన్షన్ కంపెనీ) హెచ్ఎంఆర్‌సీ (పన్నుల శాఖ) దగ్గర తెచ్చి కలుపుతాడు. ఆపైన రావాల్సింది సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో (మనం వేసే పన్ను రిటర్న్) వస్తుంది. 50,270 కిందకి వెళ్తే 20 శాతమే, అక్కడ ఆగు.

గుంటూరు ఘాటు:
శీను లెక్క తప్పని అనను గానీ, నేనైతే అలా చెయ్యను. ముక్కలుగా చూడు రమణా. 1,25,140 పైనున్న 39,860కి 45 శాతం వెనక్కొస్తుంది. లక్షకీ 1,25,140కీ మధ్య పర్సనల్ అలవెన్స్ (పన్ను పడని ఆదాయం) కరిగిపోతుంది కాబట్టి అక్కడ లెక్కన 60 శాతం. ఈ రెండిటికీ కలిపి 65 వేల గ్రాస్ వేస్తే నీకు ఆదా అయ్యే పన్ను 33,021. సగం పైన సర్కారే పెట్టినట్టు. ఇందులో 51 వేలు ఈ ఏడాది అలవెన్సే, 2022-23 నుంచి లాక్కునేది 14 వేలు. ఇది వెయ్యకపోతే నిన్ను తిట్టాలి.

లక్ష కింద కథ వేరు. అక్కడ 40 శాతమే. ఇంకో 49,730 వెయ్యడానికి నీ జేబులోంచి దాదాపు 40 వేలు పంపాలి. ప్లాట్ డబ్బు ఖాళీ. వచ్చే ఏడాది జీతం మళ్లీ లక్షా 15. అప్పుడు ఆ 15 వేలని శాలరీ శాక్రిఫైస్‌లో పెడితే 60కి తోడు ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) 2 శాతం కలిసి 62. చేతికొచ్చే జీతం తగ్గిన లోటుని ప్లాట్ డబ్బుతో పూడ్చుకో. ఆదాయం లక్ష దాటకపోతే పాపకి ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ (నర్సరీ ఖర్చుకి సర్కారు సాయం), ఇంగ్లండ్‌లో వర్కింగ్ పేరెంట్స్‌కిచ్చే 30 గంటల ఉచిత చైల్డ్‌కేర్ కూడా నిలుస్తాయి. లక్షకి ఒక్క పౌండు దాటినా రెండూ పోతాయి.

స్లౌ శీను:
అన్నా, మరి పోయే 17 వేల కోటా? 2022-23లో మిగిలింది 31, నువ్వు వాడమంటున్నది 14. మిగతాది ఏప్రిల్ 6న గోవిందా. తీసుకునేటప్పుడు పావు వంతుకి పన్ను లేదు (మొత్తం మీద 2,68,275 వరకు), మిగతాదానికి 20 శాతం పడిందనుకో, సగటున 15. ఇప్పుడు 40 తప్పించుకుని అప్పుడు 15 కట్టడం చేదా?

గుంటూరు ఘాటు:
చేదు కాదు. 62 దొరికే చోటుండగా 40కి ఎందుకు ఖర్చుపెట్టాలనేదే నా గోల. కోటా అంటే డబ్బు కాదు శీనూ, అనుమతి. వాడకపోతే పోయేది అనుమతే. వచ్చే ఏడాది అతనికి కావాల్సింది 9 ప్లస్ 15, మొత్తం 24 వేలు. కొత్త 60 వేల అలవెన్సులోనే పట్టేస్తుంది, పాతది ముట్టుకునే పనే రాదు. మళ్లీ ఇలాంటి బోనస్ పడ్డా 2023-24 నుంచి మిగిలినవి ఇంకా ఉంటాయి. ఇంకోటి, 2029 ఏప్రిల్ నుంచి శాలరీ శాక్రిఫైస్‌లో ఏడాదికి 2 వేల పౌండ్లు దాటినదానికి ఎన్‌ఐ మినహాయింపు ఉండదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రాయితీ అలాగే ఉంటుంది. అంటే ఆ 62 అప్పుడు 60 అవుతుంది, అంతే.

లీడ్స్ డాక్టరమ్మ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇది చదివే డాక్టర్లు రమణ గారి లెక్కని మక్కీకి మక్కీ దించొద్దు. మన ఎన్‌హెచ్‌ఎస్ (సర్కారు వైద్య సేవ) పెన్షన్లో లెక్కకొచ్చేది కట్టిన డబ్బు కాదు. ఏడాదిలో పెన్షన్ ఎంత పెరిగిందో ద్రవ్యోల్బణం తీసేసి 16తో గుణిస్తారు. కన్సల్టెంట్‌గా జీతం మెట్టు మారిన ఏడాది అది ఒక్కసారిగా ఎగురుతుంది. కోటా బోలెడు మిగిలిందనుకుని సిప్‌లో వేస్తే తర్వాత పన్ను ఛార్జ్ వస్తుంది. నాలుగేళ్ల అంకెలు స్కీమ్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోకుండా ఒక్క పౌండు కూడా వెయ్యొద్దు.

ప్రైవేట్ ప్రాక్టీస్ ఉన్నవాళ్లకి టేపర్ కూడా తగలొచ్చు. థ్రెషోల్డ్ ఇన్‌కమ్ (పెన్షన్ పెరుగుదల కలపని ఆదాయం) 2 లక్షలూ, పెన్షన్ పెరుగుదల కలిపిన అడ్జస్టెడ్ ఇన్‌కమ్ 2 లక్షల 60 వేలూ దాటితే ప్రతి రెండు పౌండ్లకీ అలవెన్స్ ఒక పౌండు తగ్గుతుంది. అలా 10 వేల దాకా. పాత ఏడాదిలో టేపర్ పడి ఉంటే ఆ తగ్గిన అలవెన్సులో మిగిలిందే ముందుకొస్తుంది.

కొత్త బిచ్చగాడు:
నేను 2023 ఆగస్టులో వచ్చాను. నాకూ 2022-23 కోటా వస్తుందా? అప్పుడు ఇండియాలో ఈపీఎఫ్ ఉంది.

గుంటూరు ఘాటు:
రాదు తమ్ముడూ. ఆ ఏడాది యూకేలో రిజిస్టరైన స్కీమ్‌లో సభ్యుడివై ఉండాలి. డబ్బు కట్టకపోయినా పర్లేదు గానీ సభ్యత్వం ఉండాలి. ఈపీఎఫ్ పనికిరాదు.

తిరుగు టపా:
ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతా. రమణ గారూ, ఇక్కడే ఉండిపోతారా? 2028 ఏప్రిల్ నుంచి ఈ డబ్బు ముట్టుకోవాలంటే 57 ఏళ్లు నిండాలి. నలభైలో ఇండియా వెళ్లి హైదరాబాద్‌లో ఇల్లు కొందామనుకుంటే ఈ సిప్ అక్కరకి రాదు. ఇక్కడ పావు వంతుకి పన్ను లేదు కదా అని అక్కడ రెసిడెంట్ అయ్యాకా ఉండదనుకోవద్దు, అక్కడి ఆడిటర్‌ని ముందే అడగండి. పిల్లలకి వదిలేద్దామన్నా, 2027 ఏప్రిల్ 6 నుంచి వాడకుండా మిగిలిన పెన్షన్ కూడా ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్ (వారసత్వ పన్ను) లెక్కలోకొస్తుంది. నా ఓటు మీ ఆవిడకే.

ఎర్ర మందారం:
లక్షా 65 వేలు సంపాదించేవాడికి సర్కారు 33 వేలు తిరిగిస్తే, కేర్ హోమ్‌లో 25 వేలకి పనిచేసే మనమ్మాయికి 20 శాతమే. ఆమెకి మూడేళ్ల కోటా మిగలడం కాదు, నెలాఖరుకి అద్దె మిగిలితే గొప్ప. వెయ్యొద్దని అనను. రాయితీ అందరికీ ఒకే రేటు పెడితే ఇక్కడ ఎంతమంది ఒప్పుకుంటారో చూడాలనుంది.

స్లౌ శీను:
తీసుకునేటప్పుడు పన్ను కడతాం కదక్కా, ఊరికే ఇచ్చేది కాదు.

ఎర్ర మందారం:
40 తప్పించుకుని 15 కట్టడం చేదా అని పైన రాసింది నువ్వే.

రెడింగ్ రమణ:
అందరికీ థ్యాంక్స్. 65 వేల గ్రాస్ వేస్తున్నా. నేను పంపేది 52 వేలు, ప్రొవైడర్ కలిపేది 13, సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో రావాల్సింది 20,021. బ్యాంకు వడ్డీ నాలుగు పౌండ్లొచ్చినా లక్ష దాటుతుంది కాబట్టి ఇంకో 500 గ్రాస్ ఎక్కువే వేస్తా. మిగతా డబ్బు బయటే ఉంటుంది. టపా గారి ప్రశ్నకి మా ఇంట్లో ఇంకా జవాబు లేదు.

లీడ్స్ డాక్టరమ్మ:
ఈ ఏడాది ఏప్రిల్ 5 ఈస్టర్ ఆదివారం, 3న గుడ్ ఫ్రైడే. డబ్బు 5 లోపు ప్రొవైడర్‌కి చేరాలి, మీరు పంపితే సరిపోదు. పెద్ద మొత్తం కదా, బ్యాంకు తనిఖీ కోసం ఆపే అవకాశం ఉంది. మార్చిలోనే పంపెయ్యండి.