గ్యాస్ అంతా తినేస్తున్న నా గెలాక్సీ: ఎక్కడ పొరపాటు?

తోకచుక్క:
నమస్తే. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో ఒకే ఒక్క గెలాక్సీని విడిగా పెట్టి నడుపుతున్నాను. గ్యాస్ కణం ఒక్కోటి లక్ష సూర్యుల బరువు. ఘన సెంటీమీటరుకు 100 హైడ్రోజన్ పరమాణువులు దాటిన చోట నక్షత్రాలు పుట్టాలి, సామర్థ్యం (గ్యాస్‌లో నక్షత్రాలుగా మారే వాటా) 1 శాతం. 30 కోట్ల ఏళ్లు తిరిగేసరికి గ్యాస్ సగానికి పైగా హుళక్కి. సూపర్నోవాలు (పెద్ద నక్షత్రాల పేలుళ్లు) ఆన్‌లోనే ఉన్నాయి, లాగ్‌లో శక్తి పడుతున్నట్టే కనిపిస్తోంది. గ్యాస్ మాత్రం కదలదే! మూడు రోజుల రన్ పోయింది.

గ్రిడ్‌గాడు:
ఆ 1 శాతం ఎంతసేపటికి? గ్యాస్ తన బరువుకి తానే కుప్పకూలే సమయానికి కదా. మీ సాంద్రత దగ్గర అది సుమారు 50 లక్షల ఏళ్లు. అంటే 50 కోట్ల ఏళ్లలో ఖాళీ అయ్యే వేగం. చిక్కబడేకొద్దీ ఇంకా జోరు. మన చుట్టుపక్కల గెలాక్సీల్లో హైడ్రోజన్ అణువుల గ్యాస్ అయిపోవడానికి సుమారు 200 కోట్ల ఏళ్లు పడుతుంది. మీ కోడ్ చెప్పిన పనే చేస్తోంది, అడ్డుకునేవాడే లేడు.

ఇంకోటి. 100 సాంద్రతలో చల్లటి గ్యాస్ ముద్ద కూలడానికి కొన్ని వేల సూర్యుల బరువు చాలు. మీ ఒక్క కణమే లక్ష. అంత ముతక రిజల్యూషన్‌కి అంత త్రెషోల్డ్ (నక్షత్రాలు పుట్టే సాంద్రత హద్దు) పెట్టడంలో అర్థం లేదు.

అరుంధతి:
అసలు దొంగ సూపర్నోవా దగ్గరే ఉన్నాడు. కాగితం మీద వేసి చూడండి. 100 సూర్యుల బరువు నక్షత్రాలకు ఉజ్జాయింపుగా ఒక సూపర్నోవా. మీ నక్షత్ర కణం లక్ష బరువు కాబట్టి వెయ్యి పేలుళ్లు, ఒక్కోటి 10⁵¹ ఎర్గులు. వినడానికి భయంకరంగానే ఉంటుంది. దాన్ని 64 పొరుగు కణాలకు సమానంగా పంచితే ఒక్కోటి సుమారు 4 లక్షల డిగ్రీలకు చేరుతుంది. ఖర్మకాలి గ్యాస్ అతి త్వరగా చల్లారేది ఆ చుట్టుపక్కల ఉష్ణోగ్రతల్లోనే! పక్కగ్యాస్‌ని నెట్టేలోపే శక్తి అంతా వెలుగై ఎగిరిపోతుంది. లాగ్‌లో జమ కనిపిస్తుంది, ఖర్చు కనిపించదు.

ఈగిల్ అనే పేరున్న పెద్ద గెలాక్సీల సిమ్యులేషన్‌లో దీనికి చేసిన ఉపాయం నాకు ఇష్టం. తలా కాస్త పంచకుండా చీటీ తీసినట్టు కొన్ని కణాలనే ఎంచి, వాటిని ఒక్కసారిగా 3 కోట్ల డిగ్రీలకు పైగా వేడెక్కిస్తారు. మీ లెక్కకి నక్షత్ర కణానికి దాదాపు ఒక్క పొరుగు కణం. అంత వేడి తొందరగా చల్లారదు. టీఎన్‌జీ అనే ఇంకో సిమ్యులేషన్ దారి వేరు: గాలి కణాలను విసిరి, చిక్కటి గ్యాస్ దాటేదాకా అవి దేన్నీ తాకకుండా చూస్తారు.

నడిరాత్రి_రన్:
నా అనుభవం చెప్తా, నవ్వకండి. విశ్వం వ్యాకోచించే రన్‌లో సాంద్రతను స్కేల్ ఫ్యాక్టర్ (ఇప్పటితో పోలిస్తే అప్పటి విశ్వం సైజు) ఘనంతో భాగించడం మర్చిపోయా. రెడ్‌షిఫ్ట్ 9 దగ్గర, అంటే విశ్వం సైజు ఇప్పటిలో పదో వంతు ఉన్నప్పుడు, అది వెయ్యి రెట్ల తేడా. నక్షత్రాలే పుట్టడం లేదని రెండు వారాలు ఫీడ్‌బ్యాక్‌ని (పేలుళ్లు గ్యాస్‌ని వెనక్కి నెట్టే భాగాన్ని) తిట్టుకున్నా. మీది విడి గెలాక్సీ కాబట్టి ఈ గొడవ లేదు, కానీ గ్యాస్ బరువులో 0.76 హైడ్రోజన్ వాటా పెట్టారో లేదో ఒకసారి చూడండి.

తోకచుక్క:
0.76 ఉంది. ఒక డౌట్. గ్యాస్ సాంద్రతకీ నక్షత్రాలు పుట్టే రేటుకీ లింకు చూపే కెన్నికట్ 1998 గ్రాఫ్ మీద నా పాయింట్లు 1.4 వాలుకి దగ్గర్లోనే పడ్డాయి. అంటే నక్షత్రాల భాగం సరిగ్గా ఉన్నట్టే కదా?

గ్రిడ్‌గాడు:
అది మనం దాచిపెట్టి మనమే వెతికి తీసుకున్న వస్తువు. సాంద్రతను కూలే సమయంతో భాగిస్తే 1.5 ఘాతం దానంతట అదే వస్తుంది. వాలు కాదు, గీత ఎత్తు చూడండి.

అరుంధతి:
ఫీడ్‌బ్యాక్ గట్టిగా పనిచేసే రన్‌లలో సామర్థ్యాన్ని 1 నుంచి 10 శాతానికి మార్చినా మొత్తం రేటు పెద్దగా మారకపోవచ్చు. ఎక్కువ పుడితే ఎక్కువ పేలతాయి, గ్యాస్ చెదిరి మళ్లీ తగ్గుతుంది. మీ దగ్గర ఆ నంబరు మార్చగానే అంతా తారుమారైతే, పగ్గాలు ఇంకా సామర్థ్యం చేతిలోనే ఉన్నట్టు.

తోకచుక్క:
త్రెషోల్డ్ 0.1కి దించి, చీటీ పద్ధతి పెట్టాను. రేటు మొదట ఎగిరి, తగ్గి, 100 కోట్ల ఏళ్లదాకా నిలకడగా ఉంది. కానీ గెలాక్సీ డిస్క్ నిండా చిల్లులు! ఒక్కో పేలుడుకి పెద్ద గుంత.

అరుంధతి:
లక్ష బరువు కణాన్ని ఒక్కసారి 3 కోట్లకు తీసుకెళ్తే గుంత పడక ఏం చేస్తుంది. కణం బరువు తగ్గించాల్సిందే.

తోకచుక్క:
10 వేలకి తగ్గించి కంప్యూటర్ క్యూలో పెట్టాను. నా ముందు 87 జాబ్‌లు.