అప్‌డేట్: వాలుతలం లెక్కలో ఘర్షణ 12.12 కాదు, 10 న్యూటన్లే

తిరుపతి బాలాజీ కాలనీలో కలిసి చదువుకుంటున్న మా ఇంటర్ బ్యాచ్ తరఫున అడిగిన లెక్క ఇది: 30° వాలుతలం మీద కదలకుండా 2 కిలోల దిమ్మె, స్థైతిక (కదలనప్పటి) ఘర్షణ గుణకం 0.7, జి (గురుత్వ త్వరణం) విలువ 10. ఘర్షణ బలం ఎంత?

అందరం మ్యూ ఇంటూ ఎన్ (ఘర్షణ గుణకం ఇంటూ తలం దిమ్మెను లంబంగా నెట్టే బలం) వేసి 12.12 న్యూటన్లు రాసేశాం. తప్పు అక్కడే. అది ఘర్షణ చేరగల గరిష్ఠం మాత్రమే. దిమ్మెను వాలు వెంట కిందికి లాగేది దాని బరువులో ఒక భాగం, ఎంజీ సైన్ 30, అంటే 10 న్యూటన్లు. ఘర్షణా అంతే ఉంటుంది. 12.12 అయితే దిమ్మె తనంతట తానే పైకి ఎక్కాలి కదా!

దిమ్మె జారుతుందో లేదో తెలియాలంటే ముందు టాన్ 30ని, అంటే 0.577ని, 0.7తో పోల్చాలి. తక్కువ కాబట్టి జారదు. అదే 40° అయితే టాన్ 0.839, జారుతుంది, అప్పుడు మాత్రమే గతిక (జారుతున్నప్పటి) ఘర్షణ గుణకం వాడాలి. అది 0.5 అనుకుంటే త్వరణం సుమారు 2.6 మీ/సె² వస్తుంది.

ఓపిగ్గా పటం గీసి చూపించిన అన్నలకు, అక్కలకు చాలా థాంక్స్.