అప్‌డేట్: ఫ్రైబెర్గర్ గుర్రం తల విదిలింపు తగ్గింది, ఫీల్డ్ టెస్ట్ పాస్

స్విట్జర్లాండ్ జురాలో ఉంటాం. మా మూడేళ్ల ఫ్రైబెర్గర్ (ఇక్కడి స్విస్ జాతి) ఆడగుర్రం బండికి కట్టగానే తల విదిలిస్తోందని, ఈ జాతి లేత గుర్రాలకు పెట్టే పరీక్ష, ఫీల్డ్ టెస్ట్, దగ్గరపడిందని అడిగాను కదా. ముందు నోరు చూపించమన్నవాళ్లకు థాంక్స్. డాక్టర్ వేలుతో తడిమితే పైదవడలో బియ్యపు గింజకన్నా కాస్త పెద్ద పన్ను, వుల్ఫ్ టూత్ అట, అంటే కొన్ని గుర్రాలకు దవడపళ్ల ముందు వచ్చే చిన్న పన్ను. కళ్లెం కడ్డీ సరిగ్గా దానికే తగులుతోంది. తీసేశారు, పుండు మానేదాకా కళ్లెం పెట్టలేదు. అంతకుముందు విదిలింపు ఆగుతుందేమోనని కొత్త పట్టీలకు పెట్టిన డబ్బు దండగ, దాణా మార్చడమూ అంతే.

నిన్న టెస్ట్ అయింది. శరీర నిర్మాణం, నడకలు చూశారు. స్వారీ, బండి లాగడం కూడా నిన్ననే. బండికి కడుతుంటే కదలకుండా నిలబడి జడ్జి చేతిలో కాగితాలకేసి మెడ చాచింది! స్వారీలో మార్కులు తక్కువే, అది నా సాధన లోపం.