పతాక దినోత్సవం స్టిక్కర్ బట్టల మీద అంటించాలా, చేతికివ్వాలా?

గద్వాల కోడలు:
డిసెంబర్ 7న మా ఆఫీసు గేటు దగ్గర ఇద్దరు విద్యార్థులు డబ్బా పట్టుకుని నిలబడ్డారు. సాయుధ దళాల పతాక దినోత్సవం కదా, 1949 నుంచి ఏటా జరుగుతున్నదే. వంద రూపాయలు వేశాను. వేసీ వేయగానే ఆ అబ్బాయి ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల జెండా స్టిక్కర్ తీసి నా భుజం మీద నొక్కి అంటించేశాడు. కట్టుకున్నది గద్వాల చీర. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంటించింది సరిగ్గా పట్టు మీద.

సాయంత్రం దాకా అలాగే ఉంచుకున్నాను. రాత్రి మెల్లగానే లాగాను, కాగితం వచ్చింది గానీ బంక ఉండిపోయింది. గోరుతో గీకితే రెండు జరీ పోగులు పోయాయి. ఇప్పుడక్కడ రూపాయి బిళ్లంత జిడ్డు మరక, దానికి దుమ్ము పట్టి నల్లబడింది. మా అత్తగారు నా సీమంతానికి పెట్టిన చీర అది.

డబ్బు వచ్చే ఏడాది కూడా ఇస్తాను. కానీ అడగకుండా ఒంటి మీద అంటించడం తప్పంటాను. చేతికివ్వాలి. మీరేమంటారు?

హవల్దారు గారమ్మాయి:
మీ చీర సంగతి విని బాధేసింది అక్కా. అయినా మీ మాట ఒప్పుకోలేను. చేతికిస్తే చాలామంది పర్సులో పడేసి మర్చిపోతారు. ఆ జెండా నలుగురికీ కనబడాలి, చూసి పక్కవాళ్లు "ఇదేంటి?" అని అడగాలి. అది పెట్టుకున్నవాళ్లను డబ్బా పట్టుకున్నవాళ్లు మళ్లీ అడగరు కూడా. ఈ నిధి యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్నవాళ్లకి, అవయవాలు పోగొట్టుకున్న జవాన్లకి, మాజీ సైనికుల కుటుంబాలకి. మా ఇంట్లో డిసెంబర్ 7 అంటే నాన్న పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని జేబు మీద జెండా పెట్టుకునేవారు. స్టిక్కర్ వద్దంటే పాతరోజుల్లోలా గుండుసూదితో పెట్టమనండి.

డ్రై క్లీనింగ్, వరంగల్:
ముందు మరక సంగతి. దాని మీద ఇస్త్రీ పెట్టెను మాత్రం పెట్టకండి మేడమ్. వేడికి బంక మెత్తబడి పోగుల్లోకి దిగిపోతుంది, ఆ తర్వాత మా వల్ల కూడా కాదు. నూలు చొక్కా అయితే ఐసు ముక్కను కవర్లో పెట్టి మరక మీద కాసేపు ఉంచండి. బంక బిరుసెక్కి పొరలా లేస్తుంది. మిగిలిన జిడ్డుకి దూదితో నీలగిరి తైలం అద్ది, సబ్బుతో ఉతికితే చాలు. పట్టు మీద ఇవేవీ ఇంట్లో చేయొద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ అస్సలు వాడకండి. కోటు లోపలి లైనింగ్ లాంటి అసిటేట్ బట్టయితే దానికి కరిగిపోతుంది.

మఖమల్ మీద స్టిక్కర్ లాగితే నూగు ఊడొస్తుంది, లెదర్ మీదైతే రంగు లేచిపోతుంది. గుండుసూది మేలనుకోవద్దమ్మా. ఉన్ని స్వెటర్‌కి చిల్లు పూడుకుంటుంది గానీ పట్టుకి పూడదు. సూది చెమటకి తుప్పు పడితే అదింకో మరక.

లీడ్స్‌లో ఉంటున్నా:
ఇక్కడ ఇంగ్లండ్‌లో నవంబర్ 11న వచ్చే అమరసైనికుల స్మారక దినానికి ముందు సైనికుల కోసమే చందా తీసుకుని కాగితపు ఎర్ర పాపీ పువ్వులు ఇస్తారు. 1921లో మొదలైంది. నేను ఎప్పుడు తీసుకున్నా పువ్వునీ సూదినీ చేతికే ఇచ్చారు, నా కోటుకి నేనే పెట్టుకున్నాను. అయినా బస్సులో చూస్తే ఎంతమంది కోట్ల మీదో అవే! చేతికిస్తే ఎవరూ పెట్టుకోరనడం సరికాదండీ.

హవల్దారు గారమ్మాయి:
అక్కడ ఆ అలవాటు తరాలుగా ఉంది, పైగా ఉన్ని కోట్లు. మన దగ్గర ఇంకా చాలామందికి ఈ రోజు ఎందుకో కూడా తెలియదు.

హైస్కూలు టీచర్:
మా స్కూలు పిల్లల్నీ ఏటా పంపుతాను. తప్పు పిల్లలది కాదు, మాది. డబ్బు లెక్క ఎలా రాయాలో గంటసేపు చెప్తాం, జెండా ఎలా ఇవ్వాలో ఒక్క ముక్క చెప్పం. మరక ఒక్కటే కాదు, పదిహేనేళ్ల మగపిల్లాడు పరాయి ఆడవాళ్ల భుజం మీద చెయ్యి వేసి అంటిస్తుంటే ఆమెకీ ఇబ్బంది, వాడికీ బెరుకు. "మీరే పెట్టుకుంటారా అండీ?" అని అడిగి వెనక కాగితం ఊడదీయకుండా ఇస్తే చాలు.

గద్వాల కోడలు:
చెల్లీ, నీ బాధ నాకర్థమైంది. జెండా పర్సులో పడకూడదు, నిజమే. మా ఆఫీసులో అందరి మెడలోనూ ఐడీ కార్డు ఉంటుంది. దాని ప్లాస్టిక్ కవరు మీద అంటిస్తే గుండెల మీదే కనబడుతుంది కదా?

హవల్దారు గారమ్మాయి:
కార్డు ఉన్నవాళ్లకి బాగుంది. లేనివాళ్లకి ఫోన్ వెనకాల, బండి మీద పెట్టుకోమనొచ్చు. కానీ చొక్కా మీద పెట్టమని అడిగినవాళ్లకి పెట్టాల్సిందే, దాంట్లో రాజీపడను.

డ్రై క్లీనింగ్, వరంగల్:
మేడమ్, ఆ జరీ పోగులు లేచాయా, తెగాయా? లేస్తే సూదితో వెనక్కి లాగొచ్చు. తెగితే రఫూ చేయించాలి.

గద్వాల కోడలు:
ఒకటి లేచింది, ఒకటి తెగింది. వచ్చే ఆదివారం వరంగల్ వస్తున్నాం, చీర పట్టుకొస్తాను.