డ్రిప్ పెడితే గంగల నీళ్లు మిగుల్తయా? (చర్చ)

ఆర్మూర్_పసుపు
మా దిక్కు వాట్సాప్ గ్రూపుల్ల ఒకటే లొల్లి, మహారాష్ట్రోళ్లు చెరుకుకు మనం పసుపుకు మక్కకు డ్రిప్ పెట్టుకుంటే గంగల (మేం గోదావరిని గంగ అంటం) నీళ్లు మస్తు మిగుల్తయ్, పోచంపాడ్ కాడున్న ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) జల్ది నిండుతది అని. 2017ల వాళ్ల కేబినెట్ చెరుకుకు డ్రిప్ తప్పనిసరి అని నిర్ణయం గూడ తీస్కుంది. నేనైతే ఒప్పుకోను. డ్రిప్ రైతుకు మంచిదే, నాకు గూడ ఉంది, గానీ నదికి నీళ్లు మిగులుడు వేరే ముచ్చట. మీరేమంటరు?

బాల్కొండ_బీటెక్
అన్నా, మడికి పారవెడితే బోలెడు నీళ్లు భూమిలకే పోతయ్, డ్రిప్‌తోని అది బందైతది. గంతే గదా లెక్క. సర్కారు 80, 90 శాతం సబ్సిడీ ఊరికెనే ఇస్తదా?

ఆర్మూర్_పసుపు
భూమిలకు పోయినయ్ యాడికి పోతయ్ తమ్మీ? మా బాయి కింది చేన్ల ఉంది. మీది చేనాయన వరి ఏసినన్ని ఏండ్లు మా బాయి గోడ పొంటి ఊట కారుతుండె, ఎండకాలం గూడ మోటర్ నడుస్తుండె. ఆయన డ్రిప్ ఏసుకున్నడు, పంట మంచిగొస్తుంది, తన చేనుకు తగ్గిన నీళ్లు పెట్టి, బీడు పడ్డ రెండెకరాలు గూడ ఎర్రజొన్నకు తెచ్చిండు. ఇప్పుడు మా బాయి శివరాత్రికే అడుగంటుతుంది. ఆయన తప్పేం లేదు, ఆయన జాగల నేనున్నా గదే చేస్త. గానీ నీళ్లు మిగిలినయ్ అని మాత్రం అనకు, నా బాయిలకెల్లి ఆయన ఎర్రజొన్నలకు పోయినయ్.

లెక్క కోసం అనుకో, 100 పాళ్లు తోడితే పంట 60 తాగుతది, 10 తడి మట్టి మీదికెల్లి ఆవిరైతది, 30 ఇంకి బాయిలకో ఒర్రెకో చేరుతది. డ్రిప్‌తోని నిజంగ ఆదా అయ్యేది ఆ 10ల కొంత. ఆ 30 ముందుకెల్లే ఇంకొకరి నీళ్లు. దాన్నే ఆదా అని రాస్కుంటున్రు.

ధర్మాబాద్_తెలుగు
మేం నాందేడ్ జిల్లాల తెలుగోళ్లం, ఏ ముచ్చటొచ్చినా మా మీదనే పడతరు. మీకు పైన గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీల పట్టేది 2.74 టీఎంసీ. జులై 1 నుంచి అక్టోబర్ 28 దాక గేట్లు లేపే ఉంచాలె, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి ఇడవాలె, 2013ల సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఎస్సారెస్పీ 112 టీఎంసీలకు కట్టింది, పూడిక నిండి 80 కాడికి పడిపోయింది, ఆ పోయింది ఎన్ని బాబ్లీలైతదో చూడుండ్రి. మా రైతు నాలుగు పైపులు ఏసుకుంటే తప్పా?

ఆర్మూర్_పసుపు
తప్పని ఎవరన్నరు అన్నా. బాబ్లీ గురించి నేను మాటే ఎత్తలే. నేననేది ఇది. పైఠాన్‌కు కింద, పోచంపాడ్‌కు పైన కొత్త ప్రాజెక్టులకు మహారాష్ట్ర 60 టీఎంసీల దాక వాడుకోవచ్చని గోదావరి నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ల ఉంది. డ్రిప్ పెట్టినంత మాత్రాన ఆ 60 తగ్గది. అదే 60తోని ఎక్కువ ఎకరాలు పారుతయ్, అంటే పంట తాగేది పెరుగుతది, వాగులల్లకు మర్లొచ్చేది తగ్గుతది. కోటా దాటకుండనే కిందికి నీళ్లు తగ్గుతయ్. ఇది మీకైనా మాకైనా ఒకటే, మా కాలువల కింద జరిగితే మా కిందోళ్లకు గదే గతి.

పాత_ఇరిగేషన్
పసుపు గారి లెక్క చాలామటుకు సరైందే. 2017లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) రిపోర్టు కూడా ఇదే చెప్పింది, తోడకం మీద పట్టు లేకుండా డ్రిప్ ఇస్తే బేసిన్ (నదికి నీళ్లొచ్చే ప్రాంతం) మొత్తంలో వాడకం తగ్గదు, చాలా చోట్ల పెరుగుతుంది అని. కానీ ఇంకిన ప్రతి చుక్కా తిరిగొస్తుందనుకోవద్దు. మన దగ్గర కింద గట్టి రాయి, పగుళ్లు ఉన్నకాడికే ఊట. సముద్రం పక్క డెల్టాలో అయితే ఇంకింది ఉప్పునీళ్లలో కలుస్తుంది, అక్కడ తగ్గిస్తే అది నిజమైన ఆదానే. కాలువ లైనింగ్ కూడా అంతే, చివరి ఆయకట్టుకు నీళ్లు అందుతాయి, కాలువ గట్టు పక్క బావుల్లో ఊట తగ్గుతుంది. ఎక్కడ, ఎవరి నీళ్లు అని చూడకుండా ఒకటే మాట అన్ని చోట్లా పనిచేయదు.

బాల్కొండ_బీటెక్
మరైతే డ్రిప్ బందు చేద్దామా?

ఆర్మూర్_పసుపు
ఎందుకు బందు? కలుపు తగ్గుతది, ఎరువు మొదట్లకే పోతది, నీళ్లు నిలువక పసుపుకు దుంపకుళ్లు తక్కువైతది. గియన్ని చెప్పి సబ్సిడీ ఇయ్యుండ్రి, ఇంకింత పెంచుండ్రి. గానీ నది పేరు చెప్పి ఇస్తే మాత్రం ఎవలు ఎంత తోడుతున్నరు, డ్రిప్ వచ్చినంక ఎన్ని ఎకరాలు పెరిగినయ్ రాయాలె. పెరిగిన ఎకరాలకు ఆ నీళ్లు పోతే, ఎస్సారెస్పీకి వచ్చేది ఏంది?

ధర్మాబాద్_తెలుగు
రాయుండ్రి, మాకేం ఇబ్బంది లేదు. గానీ రాష్ట్రాల సరిహద్దు గీతకు ఇటు మాకే కాదు, అటు మీ బోర్లకు గూడ మీటర్లు పెట్టాలె. 2018 నుంచి మీకు 24 గంటలు ఫ్రీ కరెంట్ ఉండె గదా, ఎవలు ఎంత తోడిన్రో ఎవలకు ఎరుక?

బాల్కొండ_బీటెక్
మీటర్ అంటే కరెంట్ బిల్లొస్తదని మా ఊర్ల ఒక్కలు గూడ ఒప్పుకోరు అన్నా. నీళ్లు కొలిచే మీటర్ వేరు, కరెంట్ మీటర్ వేరు అని ఎవలైనా గ్రామసభల కూసోబెట్టి చెప్తెనే ఈ ముచ్చట ముందుకు పోతది.